మడవని రెక్క

388వ రోజు

ఈ పుస్తకం ఇవాళ్టి నుంచి నేను రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాసిన గురవయ్య మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. ఈ ఇనపగట్టు మీద చదువు వచ్చినవాళ్ళం నలుగురం ఉన్నాం. రోజూ నీళ్ళలోకి దిగేదాన్ని, చేపల సంగతి తెలిసినదాన్ని కాబట్టి నన్నే రాయమన్నారు. నా పేరు నూకాలు. వయసు ముప్ఫై నాలుగు. మూతి ముందు కత్తిలాంటి కొమ్ముండే పెద్ద చేపను, కొమ్ముకోనేన్ని, బల్లెంతో కొట్టడం నా పని.

రోజుల లెక్క బియ్యం ఓడ చివరిసారి వచ్చిన నాటి నుంచి. మాస్టారు అలాగే మొదలుపెట్టారు. నేనూ అలాగే సాగిస్తాను.

ఇవాళ మూడుసార్లు దిగాను. పైన తెప్ప మీద కూర్చుని దానయ్య మావ మెరుపు పలక ఆడించాడు. అది రేకు ముక్కలు కొట్టిన చెక్క. నీళ్ళలో తిప్పితే చిన్న చేపల గుంపులా తళుక్కుమంటుంది. పెద్ద చేప ఎంత దూరాన ఉన్నా అదేమిటో చూడ్డానికి వస్తుంది. నేను ఏడెనిమిది బారల లోతున ఊపిరి బిగబట్టి కదలకుండా వేలాడతాను. నా నడుముకు కట్టిన తాడు కొస మావ చేతిలో ఉంటుంది. రెండుసార్లు లాగితే కొట్టవద్దని అర్థం. ఇవాళ లాగే పనే పడలేదు. ఏదీ రాలేదు.

మధ్యాహ్నం బల్లెం మొన నూరాను. బల్లెం విసిరే తుపాకీకి రబ్బరు పట్టీ ఒకటి చీలింది, దారం చుట్టాను. తొట్లలో ఆనపపాదుకు నీళ్ళు పోసి, తాగే నీటి కోసం ఉప్పునీళ్ళు ఆవిరిపట్టే అద్దాలు తుడిచాను. ఒకప్పుడు సముద్రం అడుగునుంచి గ్యాసు తోడిన ఈ ఇనపగట్టు మీద ఇప్పుడు ముప్ఫై ఒక్కమందిమి ఉన్నాం. ఒడ్డున ఊళ్ళు మునిగినప్పుడు మా జాలరి కుటుంబాలను తెచ్చి ఇక్కడ దింపారు. నెలనెలా బియ్యం వస్తాయన్నారు. పదకొండేళ్ళు వచ్చాయి.

391వ రోజు

పొద్దున అప్పలకొండ రేడియో పెట్టాడు. సూర్యపలకలు, రేడియో చూసుకునేది అతనే. రోజూ వచ్చే ఆడగొంతే వచ్చింది. మనిషి కాదు, యంత్రం. "మీ వినతి నమోదైంది. దయచేసి మీ వంతు వచ్చేవరకు వేచి ఉండండి" అంది. అప్పలకొండ మైకు పట్టుకుని, "అమ్మా, పిల్లలున్నారు, బియ్యం అయిపోనాయి" అన్నాడు. మళ్ళీ అదే మాట, అదే తీయదనంతో.

ఎవరూ వినడం లేదని అతనికీ తెలుసు. అయినా అమ్మా అనకుండా ఉండలేడు.

నా చెల్లెలు ఆదిలక్ష్మికి పాలు తగ్గిపోయాయి. దాని మొగుడు చివరి బియ్యం ఓడలో పనికి ఎక్కాడు. అప్పుడు దానికి నాలుగో నెల. బిడ్డకిప్పుడు ఎనిమిదో నెల. మా అమ్మ పేరే పెట్టాం, సన్యాసమ్మ అని. పిలవడం మాత్రం చంటీ అనే.

396వ రోజు

ఇవాళ నెమలి కోనేలు వచ్చాయి. ఐదు. వీపురెక్కలు పురివిప్పినట్టు విప్పి, నా చుట్టూ రెండు చుట్లు తిరిగాయి. ఒకటి చేతికందేంత దగ్గరగా వచ్చి కంటితో నన్ను చూసింది. ఒక్క బల్లెం దెబ్బ. అంతే పని. తుపాకీ దించేశాను.

పైకి వచ్చాక గట్టు మీదినుంచి చూస్తున్నవాళ్ళు ఎందుకు కొట్టలేదని అడిగారు. నెమలివని చెప్పాను.

"నెమలిదైతే మాత్రం?" అన్నాడు అప్పలకొండ. "ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి తింటే ఏటవుద్ది?"

"మా యమ్మ కూడా ఉడకబెట్టే తింది," అన్నాను.



ఓడ ఆగిన మొదటి నెలల్లో జరిగింది అది. పన్నెండుమంది నెమలి కోనెం తిన్నారు. నలుగురు పోయారు. వాళ్ళలో మా అమ్మ ఒకతి. దానయ్య మావకు స్వయానా చెల్లెలు.

భూమి చల్లబడాలని మా తాతల కాలంలో ఓడలతో ఇనుప పొడి తెచ్చి సముద్రంలో చల్లారు. ఆ పొడి తిని నీళ్ళలో ఆకుపచ్చ తెట్టు పెరిగింది. తెట్టులో విషం. తెట్టు తిన్న చిన్న చేపలో కొంచెం, దాన్ని తిన్న పెద్ద చేపలో ఇంకొంచెం. దరి నీళ్ళలో తిరిగే ప్రతి చేపలోనూ ఉంది. నెమలి కోనెంలో ఉంది, నల్ల కోనెంలో మరీ ఎక్కువగా ఉంది. తెట్టు లేని దక్షిణపు లోతు నీళ్ళలో పెరిగి, వేడి ప్రవాహంతో పాటు ఏడాదికి కొన్ని నెలలు ఇటు వచ్చే నీలి కోనెం ఒక్కటే మాకు తిండి. చివరిది కొట్టి ముప్ఫై ఐదు రోజులైంది.

401వ రోజు

పన్నెండు బారల కింద ఒక నీడ కదిలింది. దగ్గరికి వచ్చేకొద్దీ పెద్దదైంది. రెండున్నర బారల పొడవు ఉంటుంది. పలక వైపు నిటారుగా లేచి, నా పక్కనుంచి దాటింది. ఒంటిమీద చారలు వెలిగాయి.

అప్పుడు పక్కరెక్కలు చూశాను. పడవ తెడ్లలా రెండు పక్కలా బిగుసుకుని ఉన్నాయి. మలుపు తిరిగినా మడవలేదు.

చిన్నప్పుడు మావ నాకు నేర్పిన మొదటి సంగతి ఇదే. నీలిది పక్కరెక్కల్ని ఒంటికి ఆనించి మడుచుకోగలదు. నల్లదానికి ఆ కీలు దగ్గర ఎముక తాళం వేసినట్టు ఉంటుంది. విరగ్గొడితే తప్ప మడత పడదు. నీలిదాని వీపురెక్క ఎత్తుగా కొనదేలి ఉంటుంది, నల్లదానిది పొట్టి. చారలు చూసి మోసపోకూడదు. ఉద్రేకం వస్తే నల్లదానికీ చారలు వెలుగుతాయి. చచ్చాక రెండూ ఒకటే నలుపు. అందుకే చేపను గట్టు మీదికి లాగాక మావ అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని రెక్క మడిచి చూపిస్తాడు. మడత పడితేనే కత్తి. పడకపోతే తిరిగి సముద్రంలోకి. పదకొండు నెలలుగా మేం ప్రాణాలతో ఉన్నది ఆ చేతి మీద నమ్మకంతోనే.

పైకి తేలి, "నల్లది," అన్నాను.

"సరిగ్గా సూసినావా?" అన్నాడు మావ.

అతను నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

404వ రోజు

బండెమ్మ పోయింది. ఆకలే. పోయే ముందు రెండు రోజులు తాడు పీచు నములుతూ కూర్చుంది. నోట్లోంచి తీయబోతే కొరికింది. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి.

చంటిది ఏడవడం మానేసింది. నోరు తెరుస్తుంది, గొంతు రాదు. ఆది ఒడిలో పెట్టుకుని చెంప మీద వేలితో రాస్తూ ఉంటుంది. ఆనపకాయ ఉడికించిన నీళ్ళు పట్టిస్తే కక్కేసింది.

సాయంత్రం తెప్ప కడుగుతుంటే మావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ యమ్మతోపాటు తిన్నోళ్ళు ఎంతమంది బతికినారే?"

"ఎనిమిది మంది. నీకు తెల్దేటి?"

"ఊ," అన్నాడు. తాళ్ళు చుట్టి పెట్టి వెళ్ళిపోయాడు.

406వ రోజు

చేప కొట్టాను.

పొద్దు రెండు బారలెక్కాక వచ్చింది. నిన్నటి గాలికి నీళ్ళు మసకగా ఉన్నాయి. ముందు కొమ్ము కనబడింది, తర్వాత తల. ఎదురుగా, తిన్నగా నా మీదికే వస్తోంది. అలా వచ్చే చేపకు పక్కరెక్కలు సరిగా కనబడవు. మసకలో చారలు మాత్రం వెలుగుతున్నాయి. తాడు లాగుతాడేమోనని ఒక్క క్షణం చూశాను. మావ పైనుంచి చూస్తున్నాడు, పైనున్నవాడికి రెక్కలు నాకంటే బాగా కనబడతాయి. తాడు కదల్లేదు.

చేప పక్కకు తిరగబోయింది. మొప్పల వెనక కొట్టాను.

బల్లెం మొన లోపలే ఊడి అడ్డం తిరిగింది, అలా తిరిగితేనే చేప జారిపోదు. తాడు బుసకొడుతూ పోయింది. దానికి కట్టిన మూడు తేలుడు డబ్బాలూ ఒకదాని వెనక ఒకటి మునిగిపోయాయి. తెప్పెక్కి వాటికోసం వెతకడమే గంట పట్టింది. తర్వాత చేప రెండుసార్లు పైకి వచ్చి కొమ్ము ఊపింది. ఒక ఊపుకు తెప్ప దుంగ చీలిపోయింది. రెండో బల్లెం దించడానికి నేను మళ్ళీ నీళ్ళలోకి దూకవలసి వచ్చింది. అది తోక ఆడించడం ఆపేసరికి పొద్దు నడినెత్తి దాటింది. నాకు ఒంట్లో బలం లేదు. తెప్ప ముందు వైపు బోర్లా పడి కక్కాను. కడుపులో ఏముందని, పచ్చని నీళ్ళు.

"కళ్ళు మూసుకుని తొంగో," అన్నాడు మావ. "సేపని తెప్పకి కట్టడం నాను సూసుకుంటాను."

పడుకున్నాను. వెనక నీళ్ళ చప్పుడు, అతను ఆయాసపడడం వినబడింది.

గట్టు మీద అందరూ కప్పీ తాడు పట్టుకుని లాగారు. చేప ఎక్కేసరికి ఒళ్ళంతా ఇనుములా నల్లబడింది. వీపురెక్క పొట్టిగా అనిపించింది నాకు. అనిపించింది అని రాస్తున్నాను. ఆ క్షణాన అనిపించిందో, ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తోందో చెప్పలేను. మావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ రెక్క పట్టుకుని మెల్లిగా మడిచాడు. మడత పడింది. కుడిది మడిచాడు. అదీ పడింది.

ఎవరూ అరవలేదు, గంతులు వేయలేదు. ఒకావిడ డెక్కు మీద కూలబడి ఏడ్చింది.

రెక్క మీద నేను కూడా చెయ్యి వేసి చూసేదాన్నే. మావ నా వైపు తిరిగి, "తడిసిపోనావు, పోయి గుడ్డలు మార్సుకో," అన్నాడు. వెళ్ళాను. వచ్చేసరికి కోసేస్తున్నారు. ఎవరికి ఏ ముక్కో మావే పంచాడు. ఆదికి తోకముక్క తన చేత్తో కాల్చి ఇచ్చాడు.

నేను తిన్నాను. చాలా తిన్నాను.

408వ రోజు

మిగిలిన మాంసం చీలికలు కోసి, ఉప్పు రాసి, పడమటి తాడు మీద ఆరేశాం. నెల రోజులకు వస్తుంది. పిల్లలు తాడు కింద ఆడుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆట చూశాను.

ఆది పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, పాలొచ్చినాయి," అంది. రవిక తడిసింది. చంటిది గుటకలు వేస్తున్న చప్పుడు నాకూ వినబడింది. ఇద్దరం ఆ చప్పుడే వింటూ కూర్చున్నాం.

409వ రోజు

పొద్దున వాన పడింది. ఆది దోసిట్లో వాననీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదిలేసింది.

"కాల్తన్నాయక్కా."

నేనూ చెయ్యి చాపాను. చల్లటి వాన చేతిమీద నిప్పుల్లా పడింది. పెదాల మీద ఉదయం నుంచి చీమలు పాకుతున్నట్టు ఉంటే ఉప్పు వల్ల అనుకున్నాను. మా అమ్మకూ ముందు చీమలే. తర్వాత చల్లనివి కాలడం, తర్వాత కాళ్ళు.

చేప తల దక్షిణపు మూల ఎండకు వేలాడుతోంది. కొమ్ము కోసి బల్లేలకు వాడుకుందామని మెడ, పక్కరెక్కలు కూడా దాంతోనే ఉంచాం. వెళ్ళి ఎడమ రెక్క ఎత్తాను. చంకలో, తోలు మడతలో, వేలెడు గాటు. వేలు పెడితే లోపల కీలు ఎముక సగానికి తెగి ఉంది. కుడి వైపూ అంతే. పైతోలు చెక్కుచెదరకుండా లోపలినుంచి కోశారు. అంత సన్నటి పని గట్టు మీద ఒక్కడికే వచ్చు.

ఎడమ రెక్క కోసి తీసుకెళ్ళాను. మావ తెప్ప దగ్గర చీలిన దుంగ బిగిస్తున్నాడు. నా చేతిలో రెక్క చూశాడు.

"సూసేసినావా," అన్నాడు.

"నల్లదని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు కొట్టక ముందే. తెప్ప కిందనుంచి ఎల్తన్నపుడే రెక్కలు కనబడ్డాయి."

"తాడు నీ సేతిలోనే ఉంది కదా మావా. లాగితే ఆగిపోదును."

"లాగనేదు."

అతను సుత్తి పక్కన పెట్టాడు. నేను అక్కడే కూర్చున్నాను.

"మా యమ్మ ఎలగ పోనాదో సూసినావు. నీ తోడబుట్టింది."

"సూసేను. బండెమ్మ ఎలగ పోనాదో కూడా సూసేను. పన్నెండుమంది తింటే ఎనిమిది మంది బతికేరు. తినకపోతే ఎంతమంది బతుకుదుమో నువ్వే సెప్పు. ఇంకో పది రోజులకి ఆ చంటిది ఉండునేటి?"

"అదంతా నువ్వొక్కడివే అనీసుకుంటే సరిపోద్దేటి? మమ్మల్ని అడగొద్దేటి?"

"అడిగితే తల్లులు తిందురేటి, పిల్లలకి పెడుదురేటి? తెలిసి ఎవరు తింటారే. ఆ తెలవడమేదో నా ఒక్కడికే ఉంటే సాలనుకున్నాను." దుంగ మీద చెయ్యి ఆనించి, "ఇసం పొట్టకాడ ఎక్కువ, తోకకాడ తక్కువ. ఆదికి తోకముక్కే ఇచ్చేను. అన్నిటికంటే ఇసమున్న కార్జం ఎవరికీ పెట్టనేదు," అన్నాడు.

"పారేసినావా?"

"తిన్నాను. నాను తెలిసే సేసిన పని కదా."

అతని కాళ్ళు అప్పటికే వణుకుతున్నాయి. కోపంతో అతన్ని కొట్టాలనిపించింది. చీకట్లో చిన్నపిల్ల పట్టుకున్నట్టు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. లేచి వెళ్ళి గంట కొట్టాను.

అందరూ వచ్చాక చెప్పాను. దాచడానికి లేదు, తాడు మీద ఇంకా సగం చేప ఉంది. రెక్క చేతికిచ్చి గాటు చూపించాను. అప్పలకొండ వేలు పెట్టి చూసి పక్కవాళ్ళకు అందించాడు. అది చేతులు మారి చివరికి మావ దగ్గరికే చేరింది. అతను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కరూ తిట్టలేదు. తిడతారని అతను ఎదురుచూసినట్టున్నాడు.

"తాడు మీద ఉన్నదాన్ని ఏటి సేద్దారి?" అన్నాడు అప్పలకొండ చివరికి.

"పారెయ్యాల," అన్నాను.

"పారేసి?"



ఆది చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. "పాలొస్తన్నాయక్కా," అంది, తప్పు చేసినట్టు, నెమ్మదిగా.

ఎవరూ తాడు దగ్గరికి వెళ్ళి ఒక్క చీలిక కూడా పారేయలేదు.

410వ రోజు

ఇవాళ తెలిసి తిన్నారు. పొట్ట భాగం వదిలేసి తోక వైపు ముక్కలే పిల్లలకు పెట్టారు. నేనూ తిన్నాను. ఇది రాయకపోతే ఈ పుస్తకం అబద్ధమవుతుంది.

412వ రోజు

దానయ్య మావ పోయాడు. నిన్నటికి కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. ఇవాళ పొద్దుటికి ఊపిరి అందలేదు. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. నీళ్ళు పట్టిస్తే కాలుతున్నాయని మూతి తిప్పుకున్నాడు. ఎండలో వెచ్చబెట్టి తెచ్చి పట్టాను.

"చంటిది తాగతందా?" అని అడిగాడు.

"తాగతంది."

"నీలిది వచ్చే రోజులే ఇయి. దిగడం మానకు."

ఆ తర్వాత మాటలు అర్థం కాలేదు. అతన్ని చాపలో చుట్టి సముద్రంలోకి దించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. పిలిస్తే అప్పలకొండ వచ్చాడు. చాప రెండో కొస పట్టుకున్నాడు గానీ మొహం వైపు చూడలేదు. పని అయ్యాక చేతులు కడుక్కుని, కాలినట్టు విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

415వ రోజు

చంటిది పోయింది.

నిన్న మధ్యాహ్నం నుంచి మెడ నిలబెట్టలేదు. పాలు నోట్లో పడుతున్నాయి, మింగడం మరిచిపోయినట్టు పక్కనుంచి కారిపోయాయి. కళ్ళు తెరిచే ఉంది. ఆది వేలు పెడితే గుప్పిట బిగించలేదు. పొద్దు వాలే వేళకు ఊపిరి ఆగింది.

ఆది ఏడవలేదు. బిడ్డను నాకు ఇచ్చి, గట్టు అంచుకు వెళ్ళి, రవిక విప్పి పాలు సముద్రంలోకి పిండుకుంది. పాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"తోకముక్కేనక్కా తిన్నది," అంది. "ఇంకే ముక్కా తిన్నేదు."

418వ రోజు

మొత్తం ముగ్గురు పిల్లలు, ఏడుగురు పెద్దవాళ్ళు పోయారు. ఇక ఎవరికీ కొత్తగా జబ్బు ఎక్కువ కావడం లేదు. లేచి తిరగగలిగినవాళ్ళు తిరుగుతున్నారు. చేప తిన్నది, పాలలో దాని విషం తాగిన చంటిదానితో కలిపి, ముప్ఫైమంది. ఉన్నది ఇరవై. మావ లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు.

421వ రోజు

ఒంటరిగా దిగాను. పలక ఆడించడానికి రమ్మంటే ఎవరూ రాలేదు. తాడు తెప్పకే కట్టి, పలకను డబ్బాకు వేలాడదీశాను. అలకు అదే ఊగుతుంది.

లోతుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు చల్లబడాలి. నాకు కాలుతున్నాయి. ఎనిమిది బారల దగ్గర ఒళ్ళంతా మంట. ఆ మంటలో ఉండగా అది వచ్చింది.

పెద్దది కాదు, బారన్నర. దక్షిణం వైపు స్వచ్ఛమైన నీళ్ళలోంచి, తొందర లేకుండా. ఒంటిమీద లేత నీలం చారలు, లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. వీపురెక్క ఎత్తుగా, కొనదేలి. పలక చుట్టూ ఒకసారి తిరిగి, నా ముందు మలుపు తీసుకుంటూ పక్కరెక్కలు రెండూ ఒంటికి ఆనించి మడుచుకుంది. పిట్ట వాలి రెక్కలు సర్దుకున్నంత తేలిగ్గా. నా జన్మలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. అక్కడే, నీళ్ళ కిందే, నాకు ఏడుపొచ్చింది. ఆరు రోజులు. చంటిది పోయి ఆరే రోజులు.

వేళ్ళు మొద్దుబారి మీట నొక్కినట్టు కూడా తెలియలేదు. దెబ్బ సరిగ్గా తగిలింది.

గట్టు మీదికి లాగడానికి వచ్చారు. లాగి వెనక్కి జరిగి నిలబడ్డారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ రెక్క మడిచాను. కుడిది మడిచాను. అప్పలకొండ వంగి, రెండు చంకల్లోనూ వేలు పెట్టి వెతికాడు. మడత మడతా విప్పి చూశాడు.

"కోత నేదు," అన్నాడు.

"నీలిదే బావా. నీళ్ళలోనే మడిసింది. నా కళ్ళతో సూసేను."

"నువ్వు సూసినావు," అన్నాడు. "దానయ్యా అలాగే సెప్పినాడు."

"నానూ తింటాను, మీ ముందే. మూడు రోజులు సూడండి నన్ను."

"ఏటి సూస్తామే? నీ పెదాలు ఇప్పుడే మొద్దుబారున్నాయి. నాకూ అంతే. అందరికీ అంతే. ఇది మంచిదో కాదో తెల్సుకోడానికి మంచిగా ఉన్న ఒళ్ళు ఒక్కటి నేదు ఇక్కడ." పడమటి తాడు వైపు చూపించాడు. "అది తిని బతికినోళ్ళం. దాంతో ఏటవుద్దో మాకు తెలుసు. దీంట్లో ఏటుందో ఎవరికి తెలుసు?"

అతని గొంతులో కోపం లేదు. అలసట ఒక్కటే ఉంది. మిగిలినవాళ్ళు అప్పటికే వెళ్ళిపోతున్నారు.

నేనే కోశాను. చీలికలు చేసి, ఉప్పు రాసి, తూర్పు వైపు వేరే తాడు కట్టి ఆరేశాను.

424వ రోజు

మూడు రోజులైంది. పడమటి తాడు సగానికి ఖాళీ అయింది. పిల్లలకు కూడా అదే పెడుతున్నారు. ఒక తల్లి దగ్గరికి వెళ్ళి, పిల్లకు నీలిదే పెట్టమని చేతులు పట్టుకుని చెప్పాను. "నీ మంచితనం కాదనడం నేదు నూకాలూ," అని తన పిల్లను దగ్గరికి లాక్కుంది.

తూర్పు తాడు మీది మాంసం ఎండి ఎర్రగా, మంచి వాసన వేస్తోంది. నేను తప్ప ఎవరూ ముట్టలేదు.

ఆది చంటిది పోయిన దగ్గర్నుంచి ఏ తాడు మీదిదీ తినడం లేదు. ఆనపకాయ ముక్క పెడితే చప్పరిస్తుంది. ఇవాళ మధ్యాహ్నం గోడ పట్టుకుని నడుచుకుంటూ నా తాడు దగ్గరికి వచ్చింది. పలకరిస్తే వెళ్ళిపోతుందని భయం వేసింది. ఒక చీలిక తీసింది. వెలుగుకు ఎత్తి చూసింది. వాసన చూసింది. నోటిదాకా తెచ్చింది.

"తిను ఆదీ," అన్నాను. "నా మాట నమ్ము."

నా మొహంలోకి చూసింది.

"మావ కూడా నా బిడ్డ బతకాలనే ఇచ్చేడక్కా," అంది. "తన సేత్తో కాల్చి, ముళ్ళు తీసి ఇచ్చేడు. ఆ సేతిలో అబద్ధం ఉందని నాకు తెలవనేదు. నీ సేతిలో నేదని ఎలగ తెలుస్తాది?"

చీలికను మళ్ళీ తాడు మీద వేసి, జారిపోకుండా సరిగ్గా సర్ది, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను పొయ్యి వెలిగించి ఆ చీలికే కాల్చుకున్నాను. మెత్తగా, తియ్యగా ఉంది. ఇంకోటి కాల్చుకున్నాను. కడుపు నిండింది. గట్టు మీద ఇంకా పంతొమ్మిదిమంది ఉన్నారు, ఒక్కరూ నా పక్కకు రాలేదు.